డిటెక్టివ్ వెనకాల వెళ్లిన ట్రాక్టర్

మా నాయన కనిపించకుండా పోయిన ఎనిమిదో నెలలో నేనొక డిటెక్టివ్ సినిమాకు ఎడిటింగ్ చేస్తున్నాను. అది రెండు వేల ఐదో ఆరో సంవత్సరం. సారపాక మెయిన్ రోడ్డు మీద ఒక ఫోటో స్టూడియో, దాని వెనక గదిలో ఒక కంప్యూటర్, ఆ కంప్యూటర్ ముందు నా ఉద్యోగం. పెళ్లిళ్లు, ఓణీల ఫంక్షన్లు, చర్చి వార్షికోత్సవాల క్యాసెట్లు వచ్చేవి. వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించి, కత్తిరించి, పాటలు కలిపి సీడీలు చేసి ఇవ్వాలి. దాన్ని అందరూ మిక్సింగ్ అనేవారు. తలంబ్రాల మీద గులాబీలు రాల్చడం, పెళ్లికొడుకు మొహాన్ని లవ్ గుర్తులో ఇరికించడం... డిగ్రీ మధ్యలో ఆపేసిన నాకు చేతికి వచ్చిన విద్య అది.

నాయన పేపర్ మిల్లుకు వెదురు దిగే యార్డులో కాంట్రాక్టు కూలీ. అంతకు ముందు వానాకాలంలో మలేరియా వచ్చి తలకెక్కింది. పన్నెండు రోజులు మిషన్ దవాఖానాలో తెలివి లేకుండా పడి ఉన్నాడు. డాక్టరమ్మ బతికించింది. అయితే లేచిన మనిషికి అన్నీ జారిపోతుండేవి. చెప్పులు ఎక్కడ విడిచాడో, అన్నం తిన్నాడో లేదో, పక్కింటాయన పేరేమిటో. క్రిస్మస్‌కు పది రోజుల ముందు, ఒక ఉదయం, మందుల చీటీ జేబులో పెట్టుకుని గోదావరి బ్రిడ్జి దాటి భద్రాచలం వెళ్లాడు. మందుల షాపాయన, మందులు ఇచ్చి పంపించానన్నాడు. ఆ షాపు మెట్లు దిగిన తర్వాత నాయనను చూసినవాళ్లు లేరు.

పోలీసు స్టేషన్‌లో ఫిర్యాదు ఇచ్చాం. మా స్టూడియోలోనే ఫోటో కాగితాలు వేయించి, బస్టాండుల్లో అంటించాం. పాల్వంచ, కొత్తగూడెం, అవతల రాజమండ్రి దాకా వెళ్లి వచ్చాం. అమ్మ ఒక ప్రైవేటు స్కూల్లో ఆయా. రోజూ పిల్లల్ని గేటు దాటించి, తర్వాత అదే గేటు దగ్గర రోడ్డు వైపు చూస్తూ కాసేపు నిలబడేదట. ఆ సంగతి నాకు చెప్పింది ఆ స్కూల్లోనే సైన్సు చెప్పే సార్. సినిమా తీసిందీ ఆయనే.

సార్‌ది మధిర వైపు. మాటలో కృష్ణా జిల్లా కలిసి ఉండేది. హైదరాబాద్‌లో చదివే రోజుల్లో పాత నలుపు తెలుపు సినిమాలు చూశాడట. ఎప్పుడూ వాన పడుతూ ఉండే ఊళ్లు, సగం మొహం చీకట్లో ఉండే మనుషులు, నేరస్థుణ్ణి పట్టుకున్నా సంతోషం లేని డిటెక్టివ్‌లు. అలాంటిది తెలుగులో, మన అడవి పక్కన తీయాలని ఆయన కోరిక. దానికి తన సైన్సు కలిపాడు. కథ యాభై ఏళ్ల తర్వాత జరుగుతుంది. ఒక శాస్త్రవేత్త, పెట్టుకుంటే నిన్న అదే చోట జరిగింది కనిపించే కళ్లద్దాలు కనిపెడతాడు. అతణ్ణి ఎవరో చంపుతారు. డిటెక్టివ్ ఆ కళ్లద్దాలు పెట్టుకుని ఊరంతా తిరుగుతాడు.

మా ఓనర్ మంచి మనిషి. ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు గనక, కెమెరా ఖాళీగా ఉంటుందని కిరాయి అడగకుండా ఇచ్చాడు. ఎడిటింగ్ నన్ను చెయ్యమన్నాడు. నన్ను ఏదో ఒక పనిలో పెట్టాలని వాళ్లిద్దరూ ముందే మాట్లాడుకున్నారని చాలా కాలానికి తెలిసింది.

డిటెక్టివ్ వేషం వేసింది మిషన్ దవాఖానా అంబులెన్స్ డ్రైవర్. ఆరడుగుల మనిషి, నల్లగా, గంభీరంగా ఉండేవాడు. నాయన జ్వరంతో పడి ఉన్న పన్నెండు రోజులూ, డ్యూటీ దిగాక వచ్చి ఒకసారి మంచం దగ్గర నిలబడి వెళ్లేవాడు. నేను అన్నా అని పిలిచేదాన్ని. ఆయనకు మిల్లు సామాను షాపులో దొరికిన పొడుగాటి రెయిన్‌కోటు తొడిగారు. కళ్లద్దాలంటే వెల్డింగ్ వాళ్లు పెట్టుకునేవి. వాటికి సార్ రేడియో వైర్లు చుట్టి, రెండు ఎర్ర బల్బులు అంటించాడు. మొహం మీద చారల నీడ కావాలంటే ఎండకు అడ్డంగా వెదురు తడిక పట్టుకునేవాళ్లం. ఆషాఢమే అయినా కావలసినప్పుడు వాన రాదు కదా. పత్తి చేలకు మందు కొట్టే స్ప్రే పంపు కడిగి, అన్న నెత్తి మీద నీళ్లు కొట్టేవాళ్లం. సిగరెట్ కాల్చాలంటే మాత్రం అన్న ఒప్పుకోలేదు.

"ఆదివారం పూట ఫాదర్ గారి మొహం ఎట్ల సూడాలె సార్? అగ్గిపుల్ల నోట్లె పెట్టుకుంట," అన్నాడు. అలాగే పెట్టుకున్నాడు. నిజానికి అదే బాగుంది.

భవిష్యత్తులో జరిగే కథకు పైపులు, పొగగొట్టాలు, ఆవిరి కావాలని అశ్వారావుపేట వెళ్లి పామాయిల్ మిల్లు గోడ బయట రెండు రోజులు తీశారు. నేను వెళ్లలేదు. క్యాసెట్లు వస్తే గదిలో కూర్చుని ఎక్కించుకుంటున్నాను.

ఒక సీనులో డిటెక్టివ్ ఆ మిల్లు దగ్గరి టీ హోటల్ నుంచి బయటికి వచ్చి, నేరం ఎవరు చేశారో తనకు తెలిసిందని తనలో తాను అనుకుంటాడు. సరిగ్గా ఆ మాట దగ్గర వెనక రోడ్డు మీద ట్రాక్టర్ పోతుంది. దాని మోతకు మాట వినిపించడం లేదు. ట్రాక్టర్ ఎక్కడ మొదలై ఎక్కడ పోతుందో చూసి కత్తిరించమని సార్ కాగితం మీద రాసి పెట్టాడు. నేను ఒక్కో ఫ్రేమ్ జరుపుకుంటూ పోతున్నాను. మొత్తం ఆరు సెకన్లు. ట్రాలీ నిండా పామాయిల్ గెలలు. గెలల మీద నలుగురు కూలీలు. చివరన కూర్చున్నాయన తలకు తువ్వాలు చుట్టుకున్నాడు. ఒక చెవి కప్పి, ఒక చెవి వదిలేసి, ముడి మెడ వెనక్కు వచ్చేలా.

అక్కడే ఫ్రేమ్ ఆపేశాను.

యార్డులో లారీ హారన్ వినపడాలని నాయన ఒక చెవి వదిలేసి కట్టేవాడు. అలా కట్టినవాణ్ణి ఇంకొకణ్ణి నేను చూడలేదు. వెనక్కు జరిపాను, ముందుకు జరిపాను. ఆయన కుడి చేత్తో మోకాలి మీద తాళం వేస్తున్నాడు. మొహం తెర మీద బియ్యపు గింజంత ఉంది. సార్ రాసిన కథలో డిటెక్టివ్ ఒక మీట నొక్కితే దూరంగా ఉన్న మొహం అద్దంలోలా దగ్గరికి వస్తుంది. నేను పెద్దది చేసినకొద్దీ నాయన గళ్లుగళ్లుగా విడిపోయాడు. ముక్కు ఉండాల్సిన చోట ఒక మట్టిరంగు గడి, కళ్లున్న చోట రెండు నల్ల గళ్లు.

ఆ ఆరు సెకన్లే మళ్లీ మళ్లీ వేస్తూ కూర్చున్నాను. ఓనర్ వచ్చి చూసి, స్కూలుకు ఫోన్ చేసి సార్‌ను, దవాఖానాకు చేసి అన్నను పిలిపించాడు.

సార్ రెండుసార్లు చూసి కళ్లజోడు తీసేశాడు. "అమ్మా, మనం చూడాలనుకున్నదే ఒక్కోసారి కనపడుద్ది. అవునో కాదో నేను చెప్పలేను. మీ అమ్మకు మాత్రం అప్పుడే చెప్పకు."

అన్న తెర ముందుకు వంగాడు. మళ్లీ వెయ్యమన్నాడు. మళ్లీ వేశాను. అయిదోసారికి తెర మీద వేలు పెట్టాడు.

"మొహం ఇడిసిపెట్టు చెల్లె. మొహం మనకేం చెప్పది. బండిని సూడు."

"ఏముందన్నా బండిల?"

"ఎర్ర బండికి నీలం మడ్‌గార్డు. కుడి దిక్కు. గిది కంపెనీ ఇచ్చింది కాదు. యాడ్నో గుద్దిండు, ఎవడో పాతది తెచ్చి ఎక్కించిండు. ఎక్కించినోడు మర్వడు."

ఇరవై ఏళ్లుగా బండ్ల కింద దూరిన మనిషికి అది కనిపించింది. నాకు కనిపించలేదు. ఆ ఫ్రేమ్‌ను ఫోటో కాగితం మీద ప్రింటు తీశాం. నాయన చుక్కలా ఉన్నాడు, మడ్‌గార్డు మాత్రం స్పష్టంగా ఉంది.

మరునాడు అన్న డ్యూటీ దిగి, ఖాకీ చొక్కా కూడా మార్చుకోకుండా బస్సెక్కాడు. పక్కన నేను. కొత్తగూడెంలో బస్సు మారి, అశ్వారావుపేటలో దిగేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. టీ హోటలాయన ఫోటో చూసి, అలాంటి ట్రాక్టర్లు రోజుకు వంద పోతాయన్నాడు. మిల్లు గేటు దగ్గర గెలల ట్రాక్టర్లు వరసగా ఆగి ఉన్నాయి. ఒక్కొక్కటీ చూసుకుంటూ వెళ్లాం. నీలం మడ్‌గార్డు లేదు. నాకు ఏడుపొచ్చింది. అన్న మాత్రం అక్కడి డ్రైవర్లతో డ్రైవర్‌లాగే మాట్లాడుతున్నాడు. ఎక్కడ రిపేర్ బాగా చేస్తారు, పాత సామాను ఎవరి దగ్గర దొరుకుతుంది అని. మూడు వెల్డింగ్ షాపుల పేర్లు చెప్పారు. రెండో షాపులో ఒకాయన ఫోటో చూడగానే నవ్వాడు.

"అవ్, గది నేనే ఏసిన. ఉగాది ముంగట. కల్వర్టుకు గుద్దుకొని వచ్చిండు. రంగు ఏపిచ్చుకొమ్మంటే ఏపిచ్చుకోలే."

రైతు ఇల్లు ఊరి చివర. ఆయన మమ్మల్ని కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చి ఫోటో చూశాడు. "ఆయన మా తోట మనిషి గాదమ్మా. గెలలు కోసేటప్పుడు లోపలి గూడెం నుంచి పదిమంది వస్తరు. ఆళ్లల్ల ఒకాయన. మాట తక్కువ. పని మంచిగ చేస్తడు. ఏందో రాగం తీస్తుంటడు," అన్నాడు. తన మోటార్‌సైకిల్ తాళం అన్న చేతిలో పెట్టి దారి చెప్పాడు. మేమెవరమో ఆయనకు తెలియదు. ఎప్పుడు తెచ్చిస్తారని కూడా అడగలేదు.

తోటలు అయిపోయి అడవి మొదలయ్యే చోట ఆ గూడెం. పాతిక గడపలు ఉంటాయేమో. మేము దిగగానే పిల్లలు లోపలికి పరిగెత్తారు. ఆడవాళ్లు తలుపులు దగ్గరగా వేశారు. ఎందుకో నాకు అర్థం కాలేదు గాని అన్నకు వెంటనే తెలిసింది. ఖాకీ చొక్కా విప్పి బండి మీద పెట్టి, బనీనుతో నేల మీద కూర్చున్నాడు. నన్నూ కూర్చోమన్నాడు. చాలాసేపటికి ఒక ముసలమ్మ వచ్చింది. అక్కడ అందరూ ఆమె మాట వింటారని వాళ్లు నిలబడ్డ తీరులోనే తెలుస్తోంది. ఫోటో చూపించాను. ఆమె ఫోటో వంక చూడలేదు, నా వంక చూసింది.

"ఎవలు నువ్వు?"

"ఆయన బిడ్డనవ్వా."

"అందరు అట్లనే అంటరు. మనిషి మీద గుర్తేంది?"

"కుడి మోకాలి కింద మచ్చ. వెదురు చీరుకపోయింది."

"పంచె ఎగ్గడితె ఊరందరికి కనపడే మచ్చ అది. కనపడనిది చెప్పు."

నేను ఆలోచించాను. "అన్నం ముందట కండ్లు మూసుకుంటడు," అన్నాను.

అవ్వ మొహం మారింది. వెనక్కు తిరిగి తమ భాషలో ఏదో చెప్పింది. తలుపుల దగ్గర నిలబడ్డ ఆడవాళ్లు బయటికి వచ్చారు.

"అవ్. మూసుకుంటడు," అంది. "ఎందుకో మాకు తెల్వదు. ఆయన కండ్లు తెరిచేదాంక మేం గూడ ఆగుతం."

మా ఇంట్లో భోజనానికి ముందు నాయనే ప్రార్థన చేసేవాడు. ప్రార్థన మాటలన్నీ పోయాక కూడా కళ్లు మూసుకోవడం ఒక్కటి మిగిలింది. ఈ మనుషులు వేరే దేవతల్ని కొలుచుకునేవాళ్లు. అదేమిటో తెలియకపోయినా, ఎనిమిది నెలలుగా, చల్లారిపోతున్న గంజి ముందు ఆయన కోసం ఆగుతున్నారు.

చలికాలంలో వాగు పక్కన జ్వరంతో పడి ఉంటే అవ్వ కొడుకు చూశాడట. భద్రాచలం నుంచి అంత దూరం ఎలా వచ్చాడో ఎవరికీ తెలియదు. పేరడిగితే చెప్పలేదు. ఊరడిగితే చేత్తో ఒక్కోసారి ఒక్కో వైపు చూపించాడు. జ్వరం తగ్గాక పనికి లేచాడు. పాడతాడు గనక పాటల మామ అన్నారు. బస్టాండుల్లో మేం అంటించిన కాగితాలు ఆ గూడెం దాకా ఎలా వస్తాయి? ఒక సంతరోజు తీసుకెళ్లి అడుగుదామంటే, ఊళ్లోకి పోవాలనేసరికి ఆయనే భయపడి వెనక్కు తిరిగాడట.

కాసేపటికి నాయన వచ్చాడు. నెత్తి మీద కట్టెల మోపు. దించి, తువ్వాలు విప్పి మొహం తుడుచుకుని మా వైపు చూశాడు. చిక్కాడు గాని నలతగా లేడు. గడ్డం పెరిగి ఉంది. నేను లేచి నిలబడ్డాను.

"యాడి నుంచి వచ్చిన్రమ్మా? ఎండల పడి వచ్చిన్రు. నీళ్లు తాగుతరా?" అన్నాడు, బయటి మనిషితో మాట్లాడినట్టు మర్యాదగా.

ఇచ్చిన నీళ్లు తాగాను. నాయనా అని పిలవలేక చెంబు తిరిగి ఇచ్చాను. అన్న నా భుజం పట్టుకుని కూర్చోబెట్టాడు.

తిరిగి వచ్చేటప్పుడు అవ్వ బండి దాకా వచ్చింది. "నిన్ను ఎరుక పట్టలే. ఇప్పుడు గుంజుకపోతె మళ్ల తప్పిపోతడు. మీ అమ్మను తీస్కరా. ఆడిదాని మాట యాద్‌కొస్తదేమో."

ఆ సాయంత్రం ఇంటికి వచ్చి అమ్మకు చెప్పాను. ఆమె మోకాళ్ల మీద కూర్చుని, ప్రార్థన చేసుకుని, సంచిలో రెండు చీరలు పెట్టుకుంది. స్కూలు నుంచి సెలవు సార్ ఇప్పించాడు. ఈసారి అన్న దవాఖానాలో పెద్దవాళ్లను అడిగి జీపు తెచ్చాడు.

అమ్మను కూడా నాయన గుర్తుపట్టలేదు. మొదటి రోజంతా దూరదూరంగా తిరిగాడు. అవ్వ ఇంట్లోనే పడుకున్నాం. అమ్మ ఆమెతో కలిసి చింతపండు ఒలిచింది, నీళ్లు మోసింది. నాయనతో మాట్లాడటానికి తొందరపడలేదు. రెండో రోజు పొద్దున అందరం గంజి ముందు కూర్చున్నాం. నాయన కళ్లు మూసుకున్నాడు. అందరూ ఆగారు. తెరిచాడు. అప్పుడు అమ్మ, మా ఇంట్లో ఏ ఆదివారమో అన్నట్టు, విసురుగా అంది.

"గీ గడ్డమేంది? గీసుకుంటె ఏం పోయింది?"

నాయన గిన్నెలోంచి తలెత్తకుండానే అన్నాడు. "బ్లేడు అయిపోయిందని మొన్ననే చెప్పిన గదనే."

ఆ మొన్న అంటే ఎనిమిది నెలల కిందటిది. అవును, చెప్పాడు, నేనూ విన్నాను. అమ్మ కళ్లు తుడుచుకోలేదు, గొంతు మార్చలేదు.

"మర్చిపోయిన. తెస్తలే, తిను," అంది.

మూడో రోజు ఆమె జీపు ఎక్కితే, వెనకాలే ఆయనా ఎక్కాడు. ఎవరూ చెయ్యి పట్టి లాగలేదు. గూడెం అంతా వచ్చి నిలబడింది. అవ్వ ఏదో అంటే, నాయన ఆమె భాషలోనే జవాబు చెప్పాడు.

నాయన పూర్తిగా మామూలు మనిషి కాలేదు. కొన్నాళ్లు నన్ను చెల్లెలనుకున్నాడు. యార్డు పనికి మళ్లీ వెళ్లలేదు. కానీ ఇంటి ముందు కూర్చుని బుట్టలు అల్లేవాడు, ఆదివారం అమ్మ పక్కన నడిచి చర్చికి వచ్చేవాడు. ఇంకో ఆరేళ్లు బతికాడు. డాక్టరమ్మ ఇంతకంటే ఆశ పెట్టుకోవద్దంది. మేము ఆశ పెట్టుకున్నదానికంటే అది చాలా ఎక్కువ.

సినిమా ఆ దసరా సెలవుల ముందు స్కూలు హాల్లో వేశారు. నలభై నిమిషాలు. ఎర్ర బల్బులు వెలిగినప్పుడల్లా పిల్లలు ఈలలు వేశారు. హంతకుడు ఎవరో ఎవరికీ సరిగ్గా అర్థం కాలేదని సార్ బాధపడ్డాడు. అన్న మొదటి వరసలో చేతులు కట్టుకుని, తనను తాను చూసుకోలేక తల వంచుకుని కూర్చున్నాడు. ఆయనకు కృతజ్ఞత ఎలా చెప్పాలో మాకు తెలిసేది కాదు. అమ్మ ఒకసారి చెప్పబోతే, "నేనేం చేసిన్నమ్మా, బండి సూసిన," అని లేచి వెళ్లిపోయాడు.

ఆ తర్వాత రెండేళ్లకు, ఎండాకాలం మొదట్లో, ఇప్పపూలు ఏరుతూ అవ్వ జారిపడి తొంటి విరిగింది. అన్నే వెళ్లి తెచ్చాడు. ఆపరేషన్ అయ్యాక గూడెం దాకా జీపులో కుదుపులు ఓర్చుకోలేదని, మా ఇంట్లో ఉంచుకున్నాం. నలభై రోజులు ఉంది. అమ్మ ఆమెకు ఒళ్లు తుడిచేది, నేను తల దువ్వేదాన్ని. మా చర్చి ఆడవాళ్లు ఒక్కొక్కరే పండ్లు పట్టుకుని వచ్చి, ఆమె ఎవరో తెలుసుకుని మంచం పక్కన కూర్చుని వెళ్లేవారు.

మా దగ్గర రెండు మాటలకు మించి మాట్లాడని నాయన, అవ్వ దగ్గర గలగలా మాట్లాడేవాడు. అంతా ఆమె భాషలో. తెలుగు మాటలు ఒక్కొక్కటే జారిపోతున్న మనిషికి, జబ్బు తర్వాత నేర్చుకున్న ఆ మాటలు మాత్రం నిలిచాయి. ఏ వాగులో చేపలు పట్టారు, ఎవరి ఇంట్లో పెళ్లి జరిగింది, కొత్త పంట ఇంటికొచ్చే కొత్తల పండగకు ఎవరు ఎంత తాగారు... అవ్వ నవ్వుతూ మాకు తెలుగులో చెప్పేది. నాయన లేని ఎనిమిది నెలలు మాకు అలా కొంచెం కొంచెంగా చేరాయి. ఆకలితో, దెబ్బలతో, రోడ్ల మీద గడిచి ఉంటాయని మేము ఊహించుకుని కుమిలిపోయిన నెలలవి. ఆ నెలల్లో నాయన చేపలు కాల్చుకుని తిన్నాడు, పెళ్లి ఊరేగింపులో డోలు మోశాడు.

ఒక మధ్యాహ్నం అమ్మ నలుగురికీ అన్నం వడ్డించింది. నాయన కళ్లు మూసుకున్నాడు. అమ్మా నేనూ మూసుకున్నాం. తెరిచి చూస్తే అవ్వ మంచం మీద, కంచం ఒళ్లో పెట్టుకుని, కళ్లు తెరుచుకునే ఉంది. మా ముగ్గురినీ చూస్తోంది.

"అయిందా? తిందమా?" అంది.